పుస్తకంలో ఉన్నట్టు

కొమరయ్య మేస్త్రీ కూతురు ఎస్తేరమ్మకు చదువంటే ప్రాణం, నలుగురిలో నోరు తెరవడమంటే ప్రాణసంకటం. దిల్‌సుఖ్‌నగర్‌లో అప్పుడప్పుడే ప్లాట్లు పడుతున్న రోజులవి. కొమరయ్య అల్మాస్‌గూడ నుంచి వచ్చి ఇక్కడ గోడలు కట్టేవాడు. రెండు గదులు కిరాయికి తీసుకుని కూతుర్ని హైస్కూల్లో వేశాడు. పిల్ల పుట్టుమూగేం కాదు, ఇంట్లో వాగుడుకాయే. బళ్లోనే ఆ నోటికి తాళం పడింది. వేసింది వెంకట్రావు మాస్టారు.

మాస్టారిది కోస్తా. సైన్సు చెబితే ఆయనే చెప్పాలి, ఆ మాట ఎవరైనా ఒప్పుకోవాలి. తొమ్మిదో తరగతిలో ఒకనాడు ఆయన రక్తప్రసరణ గురించి అడిగితే ఎస్తేరమ్మ చటుక్కున లేచింది.

"నెత్తురు ఒళ్లంత తిరిగి మళ్ల గుండెకాడికే ఒస్తది సార్!"

తప్పేముంది అందులో? కానీ మాస్టారు పగలబడి నవ్వారు. ఆయన నవ్వితే క్లాసు ఊరుకుంటుందా?

"ఒస్తదా! ఇది ఏ ఊరి తెలుగమ్మా? పుస్తకంలో ఉన్నట్టు చెప్పు," అన్నారు.

అంతే. ఆ పూట నుంచి ఎస్తేరమ్మ పుస్తకంలో ఉన్నట్టే చెప్పింది, అక్షరం పొల్లుపోకుండా. తల్లి ఎలీశమ్మకు చదువు రాకపోయినా చర్చిలో పాడే కీర్తనలన్నీ కంఠతా వచ్చు. ఆ జ్ఞాపకశక్తి బిడ్డకూ అబ్బింది. మార్కులు కుప్పలుగా వచ్చాయి. సొంత మాట ఒక్కటి మాత్రం మళ్లీ క్లాసులో పలకలేదు. అందరూ మెచ్చుకున్నవాళ్లే గానీ, పిల్ల నోరు ఏమైందని అడిగిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు!

పంతొమ్మిది వందల అరవైతొమ్మిది వచ్చింది. ఎస్తేరమ్మ అప్పటికి బీఎస్సీ మొదటి ఏడు. 'జై తెలంగాణ' నినాదాలతో పట్నం అట్టుడికిపోయింది. కాలేజీలు మూతపడ్డాయి. ఎల్‌బీ నగర్ దగ్గర విజయవాడ బస్సులు ఆపేస్తున్నారు. ఎటు చూసినా లాఠీలు, పరుగులు. రోడ్డు మీద పిల్లలు అరిచే మాటల్లో నిజం ఉందని ఎస్తేరమ్మకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మాస్టారి నవ్వు ఆమె చెవుల్లో ఇంకా ఉంది.

ఒక సాయంత్రం మూక వచ్చి వెంకట్రావు మాస్టారి ఇంటి మీద రాళ్లు వేసింది. కొమరయ్య పరుగెత్తి, వెనక సందులోంచి ఆయన్ను తన ఇంటికి తీసుకొచ్చాడు.

"జర లోపలికి రాండ్రి సారూ. మా ఇంట్ల మిమ్ముల ఎవ్వడు ముట్టడు."

మాస్టారు గోడకు జారగిలబడ్డారు. నుదుటి మీద నెత్తురు. ఎలీశమ్మ తడిగుడ్డ అద్దుతూ కూతుర్ని కసిరింది.

"గట్ల గుడ్లప్పగిచ్చి చూస్తవేందే? భయం లేదని సారుకు చెప్పరాదు?"

చెప్పాలనే ఉంది ఎస్తేరమ్మకు. ఇంట్లో మాట్లాడినట్టు చెప్పాలా, పుస్తకంలో ఉన్నట్టు చెప్పాలా? అది తేలనే లేదు. మంచినీళ్ల గ్లాసు అందించి ఊరుకుంది. మాస్టారు ఆమె ముఖంలోకి చూసి తల దించుకున్నారు. ఆ మౌనాన్ని ఆయన పగ అనుకున్నారు. నెల తిరక్కుండానే కుటుంబంతో ఒంగోలు వెళ్లిపోయారు. పగ కాదని చెప్పే వీలు ఎస్తేరమ్మకు ఇక దొరకలేదు. ఆ బాధ ఆమెను ముల్లులా గుచ్చుతూనే ఉంది.

ఏడాది చదువు గంగలో కలిసింది. అప్పుడు చర్చి సిస్టర్లు ఒక దారి చూపించారు. స్పెయిన్‌లో యూనివర్సిటీ చదువు, ఖర్చంతా వాళ్లదే. షరతు ఒక్కటే, మొదటి ఏడు పరీక్ష తప్పితే ఇంటికి పంపించేస్తారు.

"ఆ దేశపు మాట నీకెట్ల ఒస్తదే?" అని ఎలీశమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది.

"బట్టీ పడతనే అమ్మా," అంది కూతురు.

అన్నంత పనీ చేసింది. క్లాసులో స్పానిష్ పాఠం రేకుల మీద రాళ్లవానలా పడేది, సగం అర్థమయ్యేది, సగం కాదు. ఎవరితోనూ మాట్లాడకుండా బెంచీ చివర కూర్చుని, గదికి పోయి పుస్తకం మొత్తం కంఠస్థం చేసేది. జీవశాస్త్రం పరీక్షలో రక్తప్రసరణే వచ్చింది. హమ్మయ్య అనుకుని పేజీలకు పేజీలు నింపేసింది.

వారం తర్వాత ప్రొఫెసరమ్మ క్లాసులో ఆమెను లేపి నిలబెట్టింది. ఒక చేతిలో జవాబు, ఒక చేతిలో పుస్తకం. మక్కీకి మక్కీ. ఆఖరికి 'పద్నాలుగో పటం చూడుడు' అన్నది కూడా రాసేసింది మహాతల్లి! క్లాసంతా గొల్లుమంది.

"చూసి రాశావా?" అని అడిగింది ప్రొఫెసరమ్మ.

చూసి రాసిందని తేలిస్తే యూనివర్సిటీ నుంచి తీసేస్తారు. ఇంటికి పోతే అక్కడ చదువేది? ఎస్తేరమ్మ గబగబా ఆ పేజీ మొత్తం ఒప్పజెప్పింది, ఎక్కడా తడబడకుండా. ప్రొఫెసరమ్మ ముక్కున వేలేసుకుంది.

"నువ్వు దొంగవు కాదు, సరే. పుస్తకం ఏమంటుందో విన్నాను. నువ్వేమంటావో చెప్పు. చెప్పలేకపోతే పాస్ చెయ్యలేను."

మాస్టారేమో పుస్తకంలో ఉన్నట్టు చెప్పమన్నారు, ఈవిడేమో వద్దంటోంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం! సందు దొరికితే పారిపోదామనిపించింది. అంతలో నుదుటి మీద నెత్తురుతో, గ్లాసు పట్టుకుని తల దించుకున్న మాస్టారు కళ్ల ముందు మెదిలారు. ఆ రోజు తప్పో ఒప్పో ఒక్క మాట అని ఉంటే ఎంత బాగుండేది!

నోరు తెరిచింది. నెత్తురు ఒళ్లంతా తిరిగి మళ్లీ గుండెకాడికే వస్తుందని, కుంటి స్పానిష్‌లో, చేత్తో గుండె చూపిస్తూ చెప్పింది.

వెనక బెంచీలో కిసుక్కున నవ్వారు. ఎస్తేరమ్మ భయంభయంగా ప్రొఫెసరమ్మ వైపు చూసింది. ఆవిడ నవ్వడం లేదు.

"తర్వాత?" అని అడిగింది.

వెంకట్రావు మాస్టారు ఆనాడు అడగని మాట అది. ఎస్తేరమ్మ చెంగుతో కళ్లు తుడుచుకుని చెప్పసాగింది. వెనక బెంచీ నవ్వు ఆగలేదు. ఆమె కూడా ఆగలేదు.