చూసినందుకే ఫీజు

పొద్దుటి ప్యాసింజరులో వికారాబాద్ నుంచి వచ్చిన పార్సిల్ హమాలీ మా కలప డిపో గేటు దగ్గర ఆగి, "మీ పురుగుల సాబ్ పోయిండు," అన్నాడు. "రాత్రి అన్నం తిని పండుకున్నడంట. తెల్లారి లేవలే. పగటి నమాజ్ అయినంక తీస్కపోతరంట." అంతే చెప్పి తన మూటల దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆ డిపోలో లెక్కలు రాసే మునీంను నేను. ముందురోజు ఖర్చులు ఎక్కిస్తున్నాను. రంపం దగ్గరున్న ఇద్దరూ చేతులు ఆపారు. పెద్దవాడు తలగుడ్డ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. డిపో తాళాలు అతని చేతికిచ్చి స్టేషనుకు నడిచాను.

ఆయన వ్యవసాయ శాఖలో ఇన్‌స్పెక్టరు. పరదేశాల నుంచి వచ్చే కలపకు, బెరడుకు చీడపీడలు ఉన్నాయో లేవో చూడడం ఆయన పని. ఆ ఉద్యోగం పేరు తాండూరులో ఎవరికీ నోరు తిరగలేదు. దుంగ మీద వంగి పురుగు కోసం చూసేవాడు కాబట్టి పురుగుల సాబ్ అయ్యాడు. ఆయన ముందే ఆ పేరుతో పిలిచినా పలికేవాడు.

నేను బడికి పోయినవాణ్ణి కాదు. గోనె సంచుల మీద, దుకాణాల బోర్డుల మీద ఉన్న అక్షరాలు చూసి చదవడం నేర్చుకున్నాను. లెక్కలు తప్ప ఇంకేమీ రాసి ఎరగను. ఒక మనిషి గురించి రాయడం ఇదే మొదలు. తప్పులుంటే చదివేవాళ్ళు సర్దుకోవాలి.

సముద్రం దాటి బొంబాయిలో దిగిన దుంగలు కొన్ని వాడి అనే జంక్షన్ మీదుగా మా డిపోకు వచ్చేవి. బెరడు తీయకుండా వచ్చిన దుంగ అయితే ఇన్‌స్పెక్టరు చూడకుండా కోయకూడదు. చూడడానికి డిపో యజమాని, మా సేట్, సర్కారుకు ఫీజు కట్టాలి. సాబ్ వికారాబాద్ నుంచి రైల్లో వచ్చి, ముందు ఫీజు తీసుకుని రసీదు రాసేవాడు. ఆ రసీదు నా చేతికిచ్చి, "మునీంజీ, అందరికి ఇనపడేటట్టు చదువుండ్రి," అనేవాడు. హమాలీలు, దుంగల దగ్గర ఊడ్చే ఆడవాళ్ళు, నీళ్ళు పోసే బాలమ్మ, అందరూ వినేవాళ్ళు. ఎంత కట్టారో, దేనికి కట్టారో అందరికీ తెలిసేదాకా ఆయన చాకు బయటికి తీయలేదు. నలుగురి ముందు గొంతెత్తి చదవడం నాకు అలా అలవాటయింది.

చదివాక ఆయన దుంగ మీద చెవి ఆనించి కాసేపు వినేవాడు. తర్వాత చాకుతో బెరడు ముక్క లేపి, తెల్ల చేతిరుమాలు కింద పరిచి, దాని మీద ఆ ముక్కను తట్టేవాడు. రాలినదాన్ని భూతద్దంతో చూసేవాడు. సేట్ తొందరపెడితే, "తొందర మీకుంటది సేట్. పురుగుకు ఉండదు," అనేవాడు.

ఇంకో అలవాటు ఉండేది. కలప పాస్ చేసిన రోజు మా డిపోలో మంచినీళ్ళు కూడా ముట్టేవాడు కాదు. ఫేల్ చేసిన రోజు మాత్రం చాయ్ తానే అడిగి తాగేవాడు. "పాస్ చేసి తాగితే చాయ్‌కే పాస్ చేసిండు అంటరు. ఫేల్ చేసి తాగితే ఎవడేమంటడు?" అని నవ్వేవాడు. అందుకే ఆయన నోట చాయ్ మాట వస్తుందేమోనని సేట్ ఆయన పెదాల వైపే చూస్తూ నిలబడేవాడు.

ఆ మాట వచ్చిన ఒక రోజు గురించే నేను చెప్పాలనుకున్నది.

నిజాం సర్కారు పోయి, పోలీస్ యాక్షన్ అయి కొన్నేళ్ళే అయింది. సాబ్‌తో పాటు పనిచేసిన వాళ్ళలో చాలామంది కొలువులు పోయాయి. కొందరు ఊళ్ళే విడిచిపోయారు. ఈయన్ను ఉంచారు. ఎందుకు ఉంచారో, ఎన్నాళ్ళు ఉంచుతారో ఆయనకూ తెలియదు. ఎవరైనా ఒక అర్జీ పెడితే చాలన్న మాట అప్పట్లో అందరికీ తెలుసు. ఇంట్లో ముసలి తల్లి, చదువుకునే పిల్లలు. ఆ జీతం తప్ప వేరే ఆధారం లేదు.

ఆ రోజు వ్యాగన్ నిండా దుంగలు వచ్చాయి. వాటిని కొడంగల్‌లో ఒక మిల్లు కప్పుకు ఇస్తానని సేట్ మాట ఇచ్చి ఉన్నాడు. ఫీజు కట్టాడు. నేను రసీదు చదివాను. సాబ్ మొదటి దుంగ తట్టాడు. ఏమీ రాలలేదు. రెండోది కూడా శుభ్రమే. మూడోదాని మీద చెవి పెట్టి చాలాసేపు అలాగే ఉన్నాడు. బెరడు లేపగానే కింద పొడి, ఆ పొడిలో సన్నటి దారులు కనిపించాయి. తట్టితే తెల్లటి పురుగులు రుమాలు మీద పడ్డాయి.

సాబ్ చాకు మూసి, "మునీంజీ, చాయ్ చెప్పుండ్రి," అన్నాడు.

ఎవరూ కదల్లేదు. సేట్ ముఖం ఎర్రబడింది. "ఫీజు కట్టిన గద సాబ్. గిప్పుడే మునీం చదివిండు గద."

"చూసినందుకు ఫీజు సేట్. మెచ్చినందుకు గాదు."

బెరడంతా ఒలిచి తన ముందే కాల్చాలని, తర్వాత దుంగలు మళ్ళీ చూస్తానని, దానికి రెండో ఫీజు కట్టాలని చెప్పాడు. ఆఫీసుకు తంతి ఇవ్వడానికి స్టేషనుకు వెళ్ళాడు. ఆ పురుగుల బెరడు ముక్కను నమూనాకని సీసాలో వేసుకోకుండా దుంగ మీదే పెట్టి పోయాడు. చేతిరుమాలు మాత్రం దులిపి జేబులో పెట్టుకున్నాడు.

ఆయన గేటు దాటగానే సేట్ హమాలీలను పిలిచాడు. "ఒలవుండ్రి. మొత్తం ఒలవుండ్రి. ఒక్క పెంకు ఉండొద్దు." మా డిపోలో రాలిన బెరడు ఊడ్చే, నీళ్ళు పోసే ఆడవాళ్ళది. అది ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. వాళ్ళ పొయ్యిలోకి అదే కట్టె. ఒలిచింది ఒలిచినట్టే తట్టల్లోకి, కొంగుల్లోకి వెళ్ళిపోయింది. ఆ ముక్క కూడా పోయింది. సాబ్ తిరిగి వచ్చేసరికి దుంగలు బోడిగా, తడితడిగా మెరుస్తున్నాయి. అడిగిన చాయ్ వచ్చి మీగడ కట్టింది.

"ఏది సాబ్ పురుగు?" అన్నాడు సేట్. "జర చూపియ్యి, మేం గూడ చూస్తం."

సాబ్ దుంగ మీద తాను ముక్క పెట్టిన చోటు చూశాడు.

"పాస్ రాస్తే మంచిది. లేకుంటే సాయంత్రం బండికి అర్జీ పోతది. లేని పురుగు చూపి యాపారులను పరేషాన్ చేస్తుండని. మీవోళ్ళ అర్జీలు పైన ఎట్ల చదువుతున్నరో నీకెర్కనే." అర్జీ అప్పటికే వేరేవాడితో రాయించాడు. నాకు కవరు చూపించాడు.

సాబ్ గేటు వైపు నడిచాడు. సేట్ నాతో మెల్లగా, "ఎన్క పో. ఏం చేస్తడో చూసి చెప్పు," అన్నాడు. పోయాను.

ఆయన పోయింది హమాలీల గల్లీకి. బెరడు పట్టుకుపోయిన ఆడవాళ్ళ ఇళ్ళు అక్కడే. మమ్మల్ని చూడగానే తలుపులు పడ్డాయి. ఆ రోజుల్లో ఇల్లు వెతకడానికి వచ్చేవాళ్ళంటే ఏమిటో ఆ గల్లీకి బాగా తెలుసు. యాక్షన్‌కు ముందు ఒకరు వచ్చి వెతికారు, తర్వాత ఇంకొకరు వచ్చి వెతికారు. సాబ్ తొడుక్కున్నది సర్కారు కోటు. ఆయన గల్లీ మధ్యలో నిలబడిపోయాడు. నుదుటి మీది చెమట చెవి పక్కనుంచి కారుతోంది, తుడుచుకోలేదు. బండి రావడానికి ఇంకా టైముంది కానీ ఎక్కువ లేదు.

బాలమ్మ ఒక్కతే తలుపు మూయలేదు. గడపకు అడ్డంగా నిలబడింది.

"ఏం సాబ్, మా ఇండ్లు గూడ చూస్తవా?"

"బెరడు చూడాలమ్మా. దాంట్ల పురుగున్నది."

"మా ఇంట్ల పురుగులకేం తక్కువ? ఏ పురుగు గావాలె?" పక్కింటి తలుపు వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. బాలమ్మ నవ్వలేదు. "డిపోల కట్టె చూస్తే ఫీజు దీస్కుంటవ్. మునీం సారు చదివితే ఇన్న. మా ఇల్లు చూస్తే మాకేది ఫీజు?"

నేను ఆమెను కసురుకోబోయాను. సాబ్ చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ ప్రశ్నను నిజమైన ప్రశ్న లాగే తీసుకున్నాడు. కోటు జేబులోంచి ఒక అణా తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"దొరకకపోతే మల్ల గుంజుకుంటవా?"

"దొరకకపోయినా నీదే. చూసినందుకే ఫీజు."

ఆమె అణా వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది, రసీదు చదివే మనిషిని కదా, అది నిజమేనా అన్నట్టు. నేను తలూపాను. ఆమె పక్కకు జరిగింది. సాబ్ బూట్లు విప్పి లోపలికి వెళ్ళాడు.

పొయ్యి పక్కన బెరడు పేర్చి ఉంది. రుమాలు పరిచి ఒక ముక్క తట్టాడు. భూతద్దం ఆమె చేతికే ఇచ్చాడు. ఆమె వంగి చూసి, "ఓయవ్వ, నూకల లెక్క ఉన్నయి. గీటికి నోరు గూడ ఉన్నది," అంది.

"గిది రెక్కలొచ్చి లేస్తే నీ పొయ్యిల ఉండదమ్మా. బయట చెట్ల మీదికి పోతది. ఆడ నుంచి అనంతగిరి అడివి ఎంత దూరం?"

ఆమె బెరడంతా తట్టలోకి ఎత్తింది. తలుపు తలుపుకూ పోయి తట్టింది. "తెరువుండ్రే, ఫీజిస్తుండు." దానితో గల్లీ అంతా తెరుచుకుంది. "మా ఇల్లు చూడు సాబ్, మా ఇంట్ల చాన ఉన్నయి," అని ఒకామె, బెరడే లేని ఇంటికి ఇంకొకామె పిలిచారు. ఆయన లేని ఇంటిని కూడా చూశాడు, అణా ఇచ్చాడు. జేబు ఖాళీ అయింది. అప్పు కోసం నా వైపు తిరిగేలోపే బాలమ్మ మిగతావాళ్ళ మీద లేచింది: "చాలు తియ్యిండ్రి. ఆయనకు పిల్లలున్నరు." తర్వాత వచ్చిన తట్టలు ఊరికే వచ్చాయి.

స్టేషను పక్క మైదానంలో బెరడు కుప్ప పడింది. సాబ్ ఈసారి ముందు పురుగులతో సీసా నింపి మూత బిగించాడు. ఆడవాళ్ళు కుప్ప చుట్టూ నిలబడ్డారు. రేపటి వంటకు వాళ్ళ ఇళ్ళలో కట్టె లేదు. అది ఆయన చూశాడు.

"కాల్చాలన్నది సర్కారు మాట. కాల్చేటప్పుడు దాని మీద రొట్టె చెయ్యొద్దని ఏడ లేదు," అన్నాడు.

పరుగెత్తి పెనాలు తెచ్చుకున్నారు. మూడు రాళ్ళు, ఇంకో మూడు రాళ్ళు, మైదానమంతా పొయ్యిలయింది. జొన్నరొట్టెల చప్పుడు, పొగ. పొగ చూసి సేట్ వచ్చాడు. చేతిలో కవరు ఉంది. సాయంత్రం బండి అప్పటికే సిగ్నల్ దగ్గర కూత వేసింది. సాబ్ సీసా, భూతద్దం ఆయన ముందు పెట్టాడు.

సేట్ చూశాడు. చూసి కవరు రెండో చేతిలోకి మార్చుకున్నాడు. మళ్ళీ చూశాడు. బండి వచ్చి ఆగింది. ఉత్తరాలు ఎక్కించే తపాలా పెట్టె మా ఎదురుగానే నిలిచింది. నేను ఆయన చేతినే చూస్తున్నాను. సాబ్ మాత్రం మంటలో పడని పెంకులను కాలితో లోపలికి తోస్తున్నాడు. బండి కదిలింది.

"రెండో ఫీజెంత?" అన్నాడు సేట్.

ఆ కవరు రైలెక్కలేదు. మంటలోనూ పడలేదు. మడిచి కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు. సాబ్ అది చూశాడు.

దుంగల దగ్గరికి పోయేముందు బాలమ్మ ఒక రొట్టె తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "ఎంత ఫీజమ్మా?" అన్నాడు.

"చూసినందుకే ఫీజు సాబ్. తిన్నందుకు లేదు."

ఆయన నిలబడే తిన్నాడు. చేతులు కడుక్కుని, రెండో రసీదు రాసి నాకిచ్చాడు. నేను చదివాను. ప్రతి దుంగనూ చూసి పాస్ రాశాడు. పాస్ రాశాడు కాబట్టి చాయ్ తాగలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆయన మా డిపోకు వచ్చాడు. ఫేల్ చేయవలసినప్పుడు ఫేల్ చేశాడు. ఒకసారి ప్లాట్‌ఫారం మీద బండి కోసం చూస్తూ అడిగాడు, "మునీంజీ, ఆ కాగితం ఇంకా ఉన్నదా?" ఉందన్నాను. సేట్ కోటు మార్చినప్పుడల్లా అది కొత్త కోటులోకి వెళ్ళేది. ఆయన "ఉండనీ. చూసుడు మన పని. మనం చూస్తం," అన్నాడు. ఆ జేబును తలుచుకుని ఆయన ఎన్ని రాత్రులు నిద్రపోలేదో నేను అడగలేదు. అడిగితే చెప్పేవాడనీ అనుకోను. పింఛను తీసుకునేదాకా ఆయన కొలువు నిలిచింది.

వికారాబాద్‌లో నేను చేరేసరికి ఇంటి ముందు జనం నిండి ఉన్నారు. కబరస్తాన్ దాకా నడిచాను. నా వంతు పిడికెడు మట్టి వేశాను. తిరిగి వచ్చాక ఆయన కొడుకు వసారాలో నాకు చాయ్ ఇచ్చాడు. ఆ ఇంట్లో నేను చాయ్ తాగడం అదే మొదలు. ఆయన ఉన్నప్పుడు ఎన్నిసార్లు పిలిచినా, డిపో మనిషినని నేనే పోలేదు. గ్లాసు ఖాళీ చేసి లేచాను.

తాండూరులో దిగి తిన్నగా గల్లీకి పోయాను. బాలమ్మకు ఇప్పుడు చూపు సరిగా ఆనదు. పొయ్యి ముందు కూర్చుని ఉంది. సాబ్ పోయాడని చెప్పాను. ఆమె పక్కనున్న బెరడు ముక్క తీసుకుంది. ఆనాటి నుంచి తట్టకుండా ఏ ముక్కనూ పొయ్యిలో పెట్టదని గల్లీలో అందరికీ తెలుసు. తెల్లటి పాత గుడ్డ మోకాళ్ళ మీద పరిచి, ముక్కను దాని మీద తట్టింది. ఇంకోసారి తట్టింది.

ఏమీ రాలలేదు. ఆమె ముఖం గుడ్డకు ఆనేంతగా వంగి, చూస్తూనే ఉంది.