మడత తిరగబడ్డ బొమ్మల పుస్తకం

బడి గ్రంథాలయం వెనక గదిలో చిరిగిన పుస్తకాలు కుట్టే ముసలాయన్ని పిల్లలు బంక తాత అంటారు. పరాయి దేశం నుంచి వచ్చి ముప్పై ఏళ్ళయినా ఇక్కడి అక్షరాలు ఆయన కంటికి చీమల బారులే. అంకెలు మాత్రం వచ్చు. అంకె చూసి పేజీలు పేర్చడం, కుట్టడం, బంక రాసి చెక్కల మధ్య బిగించడం. ఇన్నేళ్ళలో ఒక్క పేజీ అటూ ఇటూ కాలేదు. అందరి కాగితాలూ కుదురుగా కుట్టిన మనిషికి సొంత దేశం వెళ్ళి రానిచ్చే తన కాగితాలు చేతికందడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. కొడుకుని చంకనేసుకుని ముందు తను వచ్చాడు. భార్య వెనక రావాలి. ఎనిమిదో ఏట ఆమె రాలేదు, ఆమె పోయిందన్న కబురొచ్చింది.

ఈ సంగతి మనవరాలికి తెలియదు. "నాయనమ్మని మళ్ళీ చూశావా తాతా?" అని అది చిన్నప్పుడు అడిగితే, "చూడకుండా ఉంటానా? పెట్టె పట్టుకుని వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. తలుపు తీసింది" అన్నాడు. కొడుకు విని ఊరుకున్నాడు. ఆ అబద్ధానికి కాళ్ళొచ్చి ఇల్లంతా తిరిగింది.

ఆ పిల్ల తరగతి పంతులమ్మే ఒకరోజు కుట్లు ఊడిన బొమ్మల పుస్తకం తెచ్చింది.

"రేపు పిల్లలకి వలస గురించి చెప్పాలి తాతగారూ. దీన్లో ఒక్క అక్షరం ఉండదు. అన్నీ బొమ్మలే."

"అయితే ఈ ఒక్క పుస్తకం దగ్గర మీరూ నేనూ సమానమేనమ్మా."

ఆమె నవ్వి వెళ్ళిపోయింది. వలసంతా ఒక్క పీరియడులో అయిపోవాలట. పుస్తకంలో అక్షరాలే కాదు, అంకెలూ లేవని ఆమె చూసుకోలేదు.

లోపలి బొమ్మలు ఇబ్బంది పెట్టలేదు: ఓడ, బారులు తీరిన జనం, ముద్రలు కొట్టే బల్ల, అద్దె గది. చిక్కంతా అన్నిటికీ పైన ఉండే కాగితంతోనే. దాన్ని మధ్యకి మడిస్తే ఒక సగం మొదటి పేజీ, రెండో సగం చివరి పేజీ. ఒక సగంలో పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ మనిషి, తలుపు రెక్క పట్టుకున్న అతని ఇల్లాలు. రెండో సగంలో ఇంటిల్లిపాదీ కూర్చున్న భోజనాల బల్ల. తాత చాలాసేపు చూశాడు. చివరికి గుమ్మం ఆఖరికొచ్చేలా మడిచి కుట్టేశాడు.

మర్నాడు పుస్తకం తనే తరగతికి తీసుకెళ్ళాడు. పంతులమ్మ తిరగేసి, "అయ్యో, మొదటి బొమ్మ చివరికెళ్ళిందే! ఇతను ఇల్లు వదిలి వెళ్తున్నాడు కదా" అంది.

"వెళ్తున్నాడో వస్తున్నాడో ఎట్లా తెలుస్తుంది టీచర్?" అన్నాడు వెనక బల్ల పిల్లాడు.

"వస్తే నవ్వుతాడురా మొద్దూ!" అన్నాడు పక్కవాడు.

మనవరాలు లేచి నిలబడింది. "వస్తున్నాడు. మా తాత అట్లాగే వెళ్ళాడు. నాయనమ్మ తలుపు తీసింది. కావాలంటే తాతనడగండి."

పంతులమ్మ సర్దుకుంది. "నిజమే, ఇలా కూడా చదువుకోవచ్చు."

తాత నోరు మెదపకుంటే ముప్పై ఏళ్ళ పేరూ, ఆ అబద్ధమూ రెండూ బతికిపోయేవి. ఆయన బల్ల దగ్గరికొచ్చి బొమ్మలోని పెట్టె మీద వేలు పెట్టాడు.

"తాడు చూడండి, కొత్తది. అంత దూరం తిరిగొచ్చిన పెట్టె తాడు ఇంత తెల్లగా ఉండదు. ఇతను వెళ్తున్నాడు. మడత తప్పింది. తెలిసే తప్పించాను." మనవరాలి వైపు తిరిగాడు. "నేను వెళ్ళలేదమ్మా. కాగితాలు వచ్చేసరికి తలుపు తీసే మనిషి లేదు."

పిల్ల తల దించుకుని కూర్చుంది.

మధ్యాహ్నం ఆయన కుట్లు కోస్తుంటే వచ్చి ఎదురుగా నిలబడింది.

"నాకెందుకు అబద్ధం చెప్పావు?"

"నీకు చెప్తున్నంతసేపూ వెళ్ళినట్టే ఉండేది."

పిల్ల కాగితం రెండో అంచు కదలకుండా పట్టుకుంది. ఆయన మడత తిప్పి గోటితో గట్టిగా నొక్కాడు. ఒకసారి అటు వంగిన కాగితం ఇటు వంగేసరికి గీత తెల్లగా పైకి తేలింది. ఏ బంక రాసినా అది పోదు.

"నువ్వు బయల్దేరగానే నాయనమ్మ తలుపు వేసేసిందా?"

"లేదు. నేను వీధి మలుపు తిరిగేదాకా తెరిచే ఉంది."