తాత దిద్దిన కౌబాయ్ వాన

నా చిన్నప్పుడు ఉదయగిరిలో దేవుళ్ళకు కరువు లేదు గానీ, నేను మొక్కింది మాత్రం ఆత్మకూరులో కాపురముండే ఒక కౌబాయ్ నవలల రచయితకు. ఆయన పుస్తకం తెరిస్తే చాలు, మందుగుండు వాసనకు మా ఇంట్లో ఈగలు రాలిపోయేవి. పేజీకి నలుగురు చచ్చేవాళ్ళు, పండగపూటైతే ఆరుగురు. అంతమందిని చంపిన మనిషి ఏడడుగుల పొడవుంటాడని, నడుముకు రెండు పిస్తోళ్ళుంటాయని నా నమ్మకం.

ఇంట్లో ఆ పుస్తకాలు కనబడితే అమ్మ పొయ్యిలో పెట్టేది. అందుకని బడి లేని రోజుల్లో మా తాత వెంట పోయేదాన్ని. ఆయన మర్రిపాడు వైపు మెట్టల్లో గొర్రెలు కాసేవాడు. ఆయన మీసాల్లో రెండు పిచ్చుకలు కాపురం పెట్టొచ్చు. అక్షరం మాత్రం ఒక్కటీ రాదు. మధ్యాహ్నం జీవాలు నీడన పడుకుంటే నేను పైకి చదివేదాన్ని, తాత గొంగడి మీద కూర్చుని వినేవాడు. తుపాకులు, దోపిడీలు అన్నీ నమ్మాడు.

ఒకరోజు కథలో గాలివాన వచ్చింది. హీరో ఆవులు తప్పిపోయాయి. అతను గాలికి ఎదురెళ్ళి, కొండ మలుపులో మందను పట్టుకున్నాడు. అక్కడే దొంగలు అతని మెడకు ఉరితాడు వేశారు. నేను గబగబా పేజీ తిప్పబోయాను. తాత చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆపు పాపా. ఆ రాసినోడు మందను చూళ్ళేదు. వానలో జీవం గాలికి వీపు తిప్పి, గాలి పోయే పక్కకే పోతాది. అది తెలీనోడు చెప్పే కత నాకొద్దు."

ఎంత బతిమాలినా వినలేదు. మిగతాది నేనొక్కదాన్నే చదువుకోవచ్చు. కానీ తాత నా దేవుణ్ణి అంత మాటన్నాక పేజీ తిప్పబుద్ధి కాలేదు. బెంగతో అన్నం కూడా మూడో వడ్డన దగ్గరే ఆగిపోయేది.

ఆ వారమే తాత పొట్టేళ్ళు అమ్మడానికి ఆత్మకూరు పోతూ నన్నూ తీసుకెళ్ళాడు. సంతలో పని కాగానే, ఆ కతలు రాసేటాయన ఇల్లెక్కడని అడుగుతూ బయల్దేరాడు. నా గుండె బస్సు ఇంజను కంటే గట్టిగా కొట్టుకుంది.

తలుపు తీసింది లుంగీ, బనీనులో ఉన్న ఒక బక్కాయన. ఏదో ఆఫీసులో గుమాస్తా అట. చేతిలో పిస్తోలుకు బదులు పప్పుగుత్తి.

"ఏమయ్యా, నువ్వేనా ఆవుల కత రాసినోడివి?"

"నేనే పెద్దయ్యా. ఏంది సంగతి?"

తాత ఒక్క మాటకూ తేనె పూయకుండా చెప్పేశాడు. నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను. తెరిచేసరికి, ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీలో మా తాత కూర్చునున్నాడు. రచయిత ఎదురుగా వట్టి నేల మీద కూర్చుని, పెన్ను మూత తీస్తున్నాడు.

"నేను గుర్రాన్ని కూడా పెళ్ళి ఊరేగింపులోనే చూసినాను పెద్దయ్యా. టెక్సాసు నా మొహానికెక్కడిది? మీ ఉదయగిరి కొండను తలుచుకుని రాస్తుంటాను. చెప్పు, ఉరుము ఉరిమితే మంద ఏం చేస్తాది?"

తాత చెప్పాడు. తలలు లోపలికి పెట్టి ఎట్లా గుంపు కడతాయో, ముందు అడుగు ఏది వేస్తుందో, తప్పిపోయిన పిల్లను తల్లి వాసనతో ఎట్లా పట్టుకుంటుందో. ఆయన రాసుకున్నాడు, మళ్ళీ అడిగాడు, మళ్ళీ రాసుకున్నాడు. పొయ్యి మీద పప్పు మాడిన వాసన నెల్లూరు దాకా పోయింది. ఆయన ముక్కు దాకా మాత్రం రాలేదు. నా లెక్కలో మూడువేల నవలలు రాసిన మనిషి, వేలిముద్ర వేసే మా తాత ముందు ఒకటో తరగతి పిల్లాడిలా కూర్చున్నాడు. నేల మీద కూర్చుంటే నా అంతే ఉన్నాడు. అంత పెద్ద మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

తిరుగు బస్సెక్కి కూర్చున్నాం. తాత నా సంచి వైపు చూశాడు.

"తీ పాపా పుస్తకం. వాడి మెడలో తాడేమయిందో చూద్దాం."

"ఆ కత వద్దన్నావు గదా తాతా?"

"ఆ రాసినోడు తప్పంటే దిద్దుకునే రకం. వాడు చెప్తే వినొచ్చులే."

నేను గొంతెత్తి చదివాను. బస్సు బస్సంతా విన్నది. డ్రైవరైతే హీరో బతికేదాకా గేరు మార్చలేదు.

ఇప్పుడు నేనూ నాలుగు నవ్వులాట ముక్కలు రాస్తుంటాను. పిసరంత దొరికితే కొండంత చేస్తానని మీకీపాటికి తెలిసే ఉంటుంది. అప్పుడప్పుడూ ఎవరో ఒకరు ఇంటికొచ్చి, "నువ్వు రాసింది తప్పమ్మా" అంటారు. నిజం చెప్పొద్దూ, కోపం ముక్కు దాకా వస్తుంది. అయినా ముందు లేచి, నా కుర్చీ వాళ్ళ ముందుకు జరుపుతాను.