పెద్దల పాట అని రాసింది నేనే

పోయిన నెల మా మేనకోడలు ఫోను తెచ్చి నా ముఖం ముందు పెట్టింది. వాళ్ళమ్మ, అంటే మా అక్క, అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తూ పాడిన పాటను అది ముచ్చటపడి రికార్డు చేసి ఇంటర్నెట్‌లో పెట్టిందట. పెట్టిన రెండో రోజుకే దాని కింద, ఈ పాట చెన్నైలోని ఒక కంపెనీ సొత్తు, దీని మీద వచ్చే ఆదాయం వాళ్ళకే చెందుతుంది అని ఒక వాక్యం వచ్చి కూర్చుంది. "అమ్మ పాట వాళ్ళది ఎప్పుడయింది మామా?" అని అడిగింది. ఎప్పుడయిందో నాకు తెలుసు, ఎవరి వల్ల అయిందో ఇంకా బాగా తెలుసు, అయినా కళ్ళద్దాలు వెతుక్కుంటున్నట్టు నటించాను.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో మిద్దెకు కాంక్రీటు పోయాలంటే నిచ్చెన మీద మెట్టుకో మనిషి నిలబడి తట్టలు చేతులు మార్చుకుంటూ పైకి పంపేవాళ్ళం. మా తమిళనాడు ధర్మపురిలో ఇవాళ మీరు చూసే పాత మిద్దెల్లో సగం మా చేతుల మీదుగా ఎక్కినవే. ఆ వరుసలో అందరికంటే కింద, అంటే బరువంతా మొదట ఎత్తే చోట, మా అక్క ఉండేది. తట్ట తట్టకూ ఒక మాట అతికించుకుంటూ, తీర్థమలై కొండ ఎక్కే ఆడమనిషి మెట్టుకో కష్టం స్వామికి చెప్పుకున్నట్టు ఆమె ఒక పాట కట్టింది. "ఎక్కిన మెట్టు నాదయ్యా, ఎక్కని కొండ నీదయ్యా" అని ఆమె అందుకుంటే పైన ఉన్నవాళ్ళం వంత పాడేవాళ్ళం, నడుము నొప్పి కాసేపు మరిచిపోయేవాళ్ళం. చదువు లేని మనిషి, తెలుగు ఇంట్లో మాట్లాడడమే తప్ప అక్షరం ఎట్లా ఉంటుందో ఎరగదు. మాటలు మాత్రం ఎక్కడినుంచి వచ్చేవో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

తిరునాళ్ళకు కొండకు పోయి అక్క అదే పాట పాడుతుంటే, నేను కంజీర వాయిస్తుంటే, ధర్మపురి బస్టాండు దగ్గర క్యాసెట్ల అంగడి నడిపే ముదలాళి, అంటే ఆ అంగడి యజమాని, విన్నాడు. అంగడి వెనక గదిలో గోడలకు గోనెసంచులు కట్టి రికార్డింగు చేయించాడు. అంతా అయ్యాక తమిళంలో ఉన్న ఒక కాగితం తెచ్చి, పాట కట్టింది ఎవరో రాసి సంతకం పెట్టమన్నాడు. ఎనిమిదో తరగతి దాకా చదివినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి కలం నా చేతికి వచ్చింది.

కొండకు పాడిన పాటకు మనిషి పేరు చెప్పుకోరాదని మా ఇళ్ళలో ఒక పట్టింపు ఉండేది. చెప్పుకుంటే స్వామికి ఇచ్చింది తిరిగి లాక్కున్నట్టట. ఎవరడిగినా పెద్దల పాట అనాలి. నేనూ అదే రాశాను. అక్క అదే గదిలో, నాకు రెండు బారల దూరంలో, చెంబుతో నీళ్ళు తాగుతూ నిలబడి ఉంది, నేను ఒక్కసారి తలెత్తి ఆమెను అడగలేదు. ఆ పట్టింపు మీద నాకు అంత భక్తే ఉంటే, కింద కంజీర వాయించింది ఎవరు అన్న చోట నా పేరు, మా నాయన పేరుతో సహా, పూర్తిగా ఎందుకు రాశాను? ఈ ప్రశ్న ఇన్నేళ్ళలో నన్ను ఎవరూ అడగలేదు. తట్టలు మోసే మా అక్క పాట కట్టింది అంటే ముదలాళి నవ్వుతాడేమోనని కూడా అనిపించింది, ఇవాళ దాచి ఏం లాభం.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అడిగింది. "నా పేరు రాసినావా తమ్ముడా?"

"కొండ పాటకు పేరెందుకక్కా" అన్నాను. సరేలే అని కిటికీ వైపు తిరిగింది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

క్యాసెట్లు పోయాయి, అంగడి మూతపడింది, ముదలాళి కొడుకులు పాత టేపులన్నీ ఆ చెన్నై కంపెనీకి అమ్ముకున్నారు. మేనకోడలు అభ్యంతరం పంపితే కంపెనీవాళ్ళు జవాబుగా ఒక కాగితం నకలు పంపారు. అది పట్టుకుని కోర్టు పక్కన ఒక వకీలు దగ్గరికి ముగ్గురం పోయాం. పాట కట్టిన నిమిషం నుంచే అది కట్టినవాళ్ళ హక్కనీ, రిజిస్టరు చేయకపోయినా పోదనీ, ఎక్కడ మోగినా అందులో రాయల్టీ అని కొంత రావలసిందేననీ ఆయన ఓపికగా చెప్పాడు. చెప్పి, ఆ నకలు నా ముందు పెట్టాడు. నా చేతిరాతే. పెద్దల పాట అంటే చట్టానికి ఎవరి పాటా కాదట. అప్పుడు నేను రాసింది అబద్ధమని ఇప్పుడు నేనే ప్రమాణం చేయాలట, నాతో పాటు ఆమె కట్టగా విన్నవాళ్ళు సాక్ష్యం చెప్పాలట. ఆ నిచ్చెన మీద నిలబడినవాళ్ళలో అక్కా నేనూ ఇద్దరమే మిగిలాం.

ప్రమాణం చేశాను. అందులో మా అక్క పేరు రాస్తుంటే, బతుకులో మొదటిసారి ఆ పేరు రాస్తున్నానని తెలిసింది. పాట మొత్తం రాసి జత చేయాలి, పాడమ్మా అన్నాడు వకీలు. ఐదో మెట్టు దాకా పాడి ఆగిపోయింది. ఎంత తడుముకున్నా తరువాతి మాట రాలేదు. చివరికి మేనకోడలు ఫోనులో కంపెనీవాళ్ళు పెట్టిన పాట మోగించింది. వయసులో ఉన్నప్పటి తన గొంతును మా అక్క తల వంచుకుని విని, దాని వెనకే ఒక్కో మాట పలికింది.

పాట అయ్యాక ఫోను నా వైపు తిప్పి అడిగింది. "దీంట్లో నీ పేరుందంట కదా, చదువు తమ్ముడా."

చదివాను. కంపెనీ పేరు, దాని కింద కంజీర అని నా పేరు.

ఇప్పుడు కాంక్రీటు గొట్టంలో పైకి ఎక్కుతోంది, మెట్టుకో మనిషి అక్కరలేదు, వంత పాడేవాళ్ళు అంతకన్నా అక్కరలేదు. ఇప్పటి పిల్లలు పాట కట్టకముందే దాని మీద తమ పేరు పెట్టుకుంటారు, చూసి ఒకప్పుడు నవ్వేవాణ్ణి, ఇప్పుడు నవ్వు రావడం లేదు. కేసు తేలేసరికి మేమిద్దరం ఉంటామో లేదో. మా అక్క ఇప్పటికీ చింతపండు ముందేసుకుని ఏదో కూనిరాగం తీస్తూనే ఉంటుంది, అది కొత్త పాటే, నాకు తెలుస్తుంది. నేను గుమ్మంలోకి రాగానే ఆపేస్తుంది.