నాయనమ్మ గోత్రం

ఆమె పేరు మేలో, మంగలి ఇంటి కోడలు. ఆ పంజాబ్ పల్లెలో జాట్ రైతుల ఆడవాళ్లకు తలలు దువ్వడం, పెళ్లికూతుళ్లకు నలుగు పెట్టడం, పనిలో పనిగా సంబంధాలు కుదర్చడం ఆమెకు అత్త చేతి మీదుగా వచ్చిన పని. సంబంధమంటే ముందు చూడాల్సింది పొలం కాదు, గోత్రాలు. పిల్లాడి గోత్రం, వాళ్లమ్మది, నాయనమ్మది, అమ్మమ్మది. వీటిలో ఏది పిల్ల గోత్రంతో కలిసినా వాళ్లు అన్నాచెల్లెళ్ల కిందే లెక్క.

నఛత్తర్ సింగ్ వాళ్లది గిల్ గోత్రం. అతని కొడుక్కి మేలో సిద్ధూ గోత్రం పిల్లను కుదిర్చింది. పిల్లాడి నాయనమ్మ, నఛత్తర్ తల్లి ధన్ కౌర్‌ది ధాలీవాల్ గోత్రం. ఎక్కడా అడ్డు లేదు.

ఖాయం చేసుకునే రోజు పొద్దున, పిల్ల తరఫు వాళ్లు దారిలో ఉండగా, మేలో ఆ ముసలమ్మకు తల దువ్వుతోంది.

"మీ నఛత్తర్‌కి నీ పోలిక ఒక్కటీ రాలేదు బేబే," అంది నవ్వుతూ. పెద్దావిడను ఊళ్లో అంతా అమ్మా అన్నట్టు బేబే అనే పిలుస్తారు.

"ఎట్లా వస్తుందే పిచ్చిదానా? వాణ్ని కన్నది నేనైతేగా! పురిట్లోనే పోయింది పాపం, బఠిండా వైపు సిద్ధూల పిల్ల. వాడు పాలు తాగే వయసులో నేనొచ్చా."

మేలో చెయ్యి ఆగిపోయింది.

"సిద్ధూలా? మరి నేను అడిగినప్పుడు చెప్పలేదేం?"

"నా గోత్రం అడిగావు, చెప్పా. వాడికి అమ్మని నేనేగా!" అని ముసలమ్మ చటుక్కున ఆమె చెయ్యి పట్టుకుంది. "నోరెత్తకు. నీకు పుణ్యముంటుంది."

ఊరుకుంటే పెళ్లయిపోతుంది. ఎప్పటికైనా బయటపడితే ఆ పిల్ల బతుకు నవ్వులపాలు. చెబితే తన గడప తొక్కేవాళ్లుండరు. మేలో జడ అల్లడం పూర్తి చేసి, వాకిట్లోకి పోయి నఛత్తర్‌కి చెప్పింది.

"మా అమ్మ ఈవిడే. తలలు దువ్వేదానివి, గోత్రాలు తవ్వుతావేం?" అని అతను మండిపడ్డాడు.

"గోత్రాలు తవ్వమనే కదా సర్దార్‌జీ నన్ను పంపింది. కార్లోంచి దిగాక వాళ్లకు మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

అతనే చెప్పాడు, తల దించుకుని. పిల్ల తండ్రి తాము తెచ్చిన లడ్డూల బుట్టను కింద పెట్టాడు. పిల్లాణ్ని పిలిచి నెత్తిన చెయ్యి పెట్టాడు.

"అయితే మా ఆడపడుచు మనవడివిరా నువ్వు. బుట్ట ఇక్కడే ఉండనీ. ఆడపడుచు అత్తగారింటికి తెచ్చింది వెనక్కి తీసుకుపోతామా?" అన్నాడు. టీ తాగి వెళ్లిపోయారు.

ధన్ కౌర్ ఆ తర్వాత మేలో చేత తల దువ్వించుకోలేదు. "సంబంధాలు విడగొట్టే మంగల్ది" అని పేరు పెట్టింది. ఆరు నెలలు ఎవరూ పిలవలేదు. పిలిచిన మొదటి ఇంట్లో మేలో మంచం పక్కన చతికిలబడి, కొడుకుని చూపిస్తూ ఆ ఇంటి ముసలమ్మను అన్నిటికన్నా ముందు ఇదే అడిగింది.

"బేబే, ఈయన్ని కన్నది నువ్వేనా?"

ముసలమ్మ చెప్పు తీసింది. జవాబు వచ్చేదాకా మేలో కదల్లేదు.