గాలిలో పెరిగిన అమ్మాయి

మా మామయ్య లిఫ్టు మెకానిక్. పగలంతా ఎవరెవరి మేడల నెత్తినో ఉండే ఇరుకు మోటారు గదుల్లో గ్రీజు చేతులతో గడిపేవాడు. ఇంటికొస్తే హామ్ రేడియో, ఇంట్లో కూర్చునే దూరపు ఊళ్ళవాళ్ళతో కబుర్లాడే సెట్టు. మీసాలు సరిగా రాని వయసులో లైసెన్సు తెచ్చుకున్నాడు, జుట్టంతా నెరిసినా వదల్లేదు. సిగరెట్టు లేదు, పేకాట లేదు, ఈ ఒక్క జబ్బే. "సవతైనా అప్పుడప్పుడూ మొగుణ్ణి ఇంటికి పంపేది. ఇది ఏకంగా నా పడగ్గదిలోనే కాపురం పెట్టింది" అని అత్త దెప్పేది.

అలాగని సంసారం పట్టనివాడు కాదు. వాళ్ళకొక్కతే కూతురు. దాని జడ తనే వేసేవాడు. లిఫ్టు తాళ్ళలో తెగబోయే పోగును పట్టే కళ్ళతోనే దాని చెప్పుల పట్టీలు చూసి, తెగకముందే కుట్టించేవాడు.

రేడియోలో ఆయన నోటితో మాట్లాడడు. బల్ల మీద చిన్న ఇత్తడి కీ ఉంటుంది. కాస్త నొక్కితే పొట్టి కూత, ఎక్కువ నొక్కితే పొడుగు కూత. ఆ కూతలే అక్షరాలు. అవతలివాళ్ళు పంపేది హెడ్‌ఫోన్లో ఆయనొక్కడికే వినబడుతుంది. ఆయన పంపేది మాత్రం కీ పక్కనున్న బజరులో ఇల్లంతా మోగుతుంది. రోజూ పొద్దున్నే ఏవేవో ఊళ్ళ వాళ్ళు ఓ పదిమంది ఒకే చోట కలుస్తారు. మీ సిగ్నల్ ఇలా ఉంది, ఇక్కడ మబ్బు పట్టింది, ఇంట్లో అందరూ బాగున్నారు, సెలవు. అంతే. సొంత గోడు వెళ్ళబోసుకోకూడదు, వెనక మిగతావాళ్ళు వంతు కోసం కాచుక్కూర్చుంటారు.

ఆ గుంపులో ఒకాయన ఓడల్లో వైర్‌లెస్ పని చేసి రిటైరయ్యాడు. మా ఇంట్లో ఆయన పేరు ఓడాయన. మామయ్యా ఆయనా ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే బావా అంటే బావా అనుకునేవారు. ఓడాయనకు పిల్లల్లేరు. మామయ్య కూతుర్ని "మన పిల్ల" అనేవాడు.

ఆ పిల్ల పదకొండో ఏట పోయింది. జ్వరమని ఆసుపత్రికి తీసుకెళ్తే, మెదడుకు ఎక్కిందన్నారు. తిరిగి రాలేదు.

మర్నాడు పొద్దున ఇంటినిండా చుట్టాలుండగానే మామయ్య వెళ్ళి రేడియో ముందు కూర్చున్నాడు. ఎందుకంటే రోజూ కూర్చుంటాడు గనుక. వంతు వచ్చింది. చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. సిగ్నల్ బాగుంది, ఎండగా ఉంది, ఇంట్లో అందరూ బాగున్నారు, సెలవు. ఏళ్ళ తరబడి అదే వరసకు అలవాటు పడ్డ వేళ్ళు. తల అందుకునేలోపు మాట వెళ్ళిపోయింది.

దిద్దుకుందామనే అనుకున్నాడట. పదిమంది వింటుండగా ఎలా దిద్దాలో తెలియలేదు. ఆ వారంలోనే ఓడాయన అడిగాడు, మన పిల్ల పరీక్షలు ఎలా రాసిందని. బాగా రాసిందన్నాడు మామయ్య.

ఇక ఆగలేదు. పిల్ల గాలిలో పది పాసైంది, కాలేజీలో చేరింది, అక్కడ పాట నేర్చుకుంది, బ్యాంకులో ఉద్యోగం తెచ్చుకుంది. పెళ్ళి కూడా అయింది. పెళ్ళికి పిలవలేదని ఓడాయన నెల్లాళ్ళు అలిగితే, రిజిస్టరాఫీసులో చప్పుడు లేకుండా చేసేశామని సర్దిచెప్పాడు. లిఫ్టులో ఇరుక్కున్నవాడు తలుపు బాదుతాడు, అరుస్తాడు. ఈయన అదీ చెయ్యలేదు.

నేను కాలేజీ మానేసి వాళ్ళ ముందుగదిలో పడుండే రోజుల్లో ఓడాయన కబురు చేశాడు. పనిమీద మీ ఊరొస్తున్నాను, ఆదివారం మన పిల్లని చూసి వెళ్తాను అని.

మామయ్య వంటింట్లోకి వచ్చాడు. "ఆదివారం ఒకాయన వస్తాడు."

"ఓడాయనేగా" అంది అత్త, కూర తరుగుతూనే.

"నీకెలా తెలుసు?"

"ఆదివారం పిల్ల ఊళ్ళో ఉండదేమో బావా అని ఇందాక మీరేగా కొట్టారు."

మామయ్య కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. "నీకింకా వచ్చా అది?"

"మీరు నేర్పిందేగా. పెళ్ళైన కొత్తలో పళ్ళెం మీద చెంచాతో చావగొట్టి మరీ నేర్పారు. లైసెన్సు పరీక్షనాడే కానుపొచ్చింది కాబట్టి రాయలేదు గానీ, చెవులెక్కడికి పోతాయి?"

"అయితే ఇన్నేళ్ళూ..."

"విన్నాను. డిగ్రీ చేయించారు, ఉద్యోగం వేయించారు, బాగానే ఉంది. పెళ్ళి మాత్రం నన్నొక్క మాట అడక్కుండా చేసేశారు. ఆ కుర్రాడు నాకు నచ్చలేదు."

నవ్వొచ్చే మాటే. ఎవరూ నవ్వలేదు.

"మరెందుకు ఊరుకున్నావ్?"

"అడిగితే ఆపేస్తారని."

"అత్తారింటికి వెళ్ళిందని చెప్పేద్దామే. ఒక్క పూటేగా" అన్నాడు మామయ్య.

"హాల్లో గోడ మీద ఫోటో ఉంది. దాన్నేం చేస్తారు? తీసి బీరువాలో పెడతారా? నా వల్ల కాదండీ. దాన్నొకసారి ఇంట్లోంచి పంపాను. మళ్ళీ పంపలేను. రేపు చెప్పేయండి."

"చెప్తే ఇంక అది ఉండదు."

"నాకు తెలీదా?"

మర్నాడు మామయ్య హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. అత్త గుమ్మంలో నిలబడింది. బజరు మోగింది. పిల్ల లేదు బావా, పదకొండో ఏటే పోయింది. తర్వాత మామయ్య చాలాసేపు విని, హెడ్‌ఫోన్ మెడ మీదికి జార్చుకున్నాడు.

"ఏమన్నాడు?" అంది అత్త.

"గరగరలో అందలేదట. మళ్ళీ పంపమంటున్నాడు."

అందలేదంటే మళ్ళీ పంపాలి. ఆ గుంపులో ఎంతటివాడికైనా అదే పద్ధతి. మామయ్య వేలు కీ మీద పెట్టాడు, తీశాడు. మళ్ళీ పెట్టాడు. నొక్కలేకపోయాడు.

అత్త ఆయన్ని భుజం పట్టి పక్కకు జరిపింది. లైసెన్సు లేనివాళ్ళు పంపితే తప్పు. దుమ్ము తుడవడానికి కూడా ఆ కీని ఎవర్నీ ముట్టుకోనివ్వని మనిషి, మారుమాట లేకుండా లేచి చోటిచ్చాడు. ఆవిడ కూడబలుక్కుని చదివే పిల్లలా ఒక్కో అక్షరం కొట్టింది. మధ్యలో ఒకటి తప్పుపోయింది. ఆపి, ఆ మాట మళ్ళీ మొదలుపెట్టింది. అయ్యాక మామయ్య హెడ్‌ఫోన్ చెవికి ఆనించుకుని విన్నాడు.

"అందిందట" అన్నాడు.

ఓడాయన రాడనుకున్నాం. ఆదివారం వచ్చాడు. పొట్టిగా, బక్కగా ఉన్నాడు. చెప్పులు విప్పి తిన్నగా ఫోటో ముందుకెళ్ళి నిలబడ్డాడు. మామయ్య ఏదో సంజాయిషీ మొదలుపెట్టబోతే చెయ్యడ్డం పెట్టాడు.

"మీరు ఏడ్చి పదిహేనేళ్ళయింది బావా. నాకు మొన్న పోయింది" అని, అలాగే సోఫాలో కూలబడి, పెద్దగా ఏడ్చాడు. మామయ్య అటూ అత్త ఇటూ కూర్చుని ఓదార్చారు. చావు వీళ్ళింట్లోది, పరామర్శ ఆయనకి.

చాలాసేపటికి ఓడాయన తేరుకున్నాడు. "అసలు పిల్ల గురించి చెప్పు. ఎలా ఉండేది?"

"సన్నగా ఉండేది బావా" అన్నాడు మామయ్య. మొదలుపెట్టగానే గొంతులో ఉత్సాహం వచ్చింది. "ఊరికే నవ్వేది. ఇక పాట ఎత్తుకుందంటేనా..."

అత్త ఆయన మోచెయ్యి పట్టుకుంది. "దానికి పాటలు రావండీ" అంది మెల్లిగా. "పాట మనం కాలేజీలో కదా నేర్పించాం."

మామయ్య ఆగిపోయాడు. గోడ మీది ఫోటో వైపు తిరిగి, ఎవరీ పిల్ల అని అడగబోయేవాడిలా చూస్తూ ఉండిపోయాడు.