గడియారం పట్టుకున్న చేయి

మా వీధి చివర, మెట్ల కింది ఇరుకు గదిలో గడియారాలు బాగుచేస్తూ ఒక జీవితకాలం గడిపిన పెద్దమనిషిని అందరూ మేస్త్రి అని పిలిచేవారు. మాట తక్కువ, చేయి నిదానం. ఊళ్ళోని గోడగడియారాలన్నిటి మీదా ఆయనకు చిన్నచూపు. బ్యాంకులోనిది సోమరిదనీ, బస్టాండులోనిది అబద్ధాలకోరనీ, తన మణికట్టు మీదున్నదొక్కటే నిజం చెబుతుందనీ ఆయన నమ్మకం.

ఆయనకొక నియమం ఉండేది. నీళ్ళు ముట్టుకొనే ముందు గడియారం విప్పి గట్టు మీద పెట్టరాదు. వంగినప్పుడు జారుతుంది గనుక జేబులో వేయరాదు. నమ్మిన మనిషి చేతిలో పెట్టాలి. దుకాణంలో ఆ చేయి బావమరిదిది, ఇంట్లో భార్యది. భార్య పోయిన తరువాత కూతురిది.

కొండల నడుమ యాత్రికులు మజిలీ మజిలీగా నడిచే పాతబాట ఒకటి ఉంది. దాని చివర చిన్న గుడి. ఆలుమగలిద్దరూ వయసులో ఉన్నప్పుడు ఆ బాట పట్టారు. సగం దారిలో, సత్రం దగ్గర, ఆమె పాదం వాచింది. మిగిలినది మళ్ళీ వచ్చి నడుద్దామనీ, బాట ఎక్కడికి పోతుందనీ నవ్వుతూ చెప్పి ఆమె వెనుదిరిగింది. బాట ఎక్కడికీ పోలేదు, ఆమె పోయింది. ఆమె ఆగిన సత్రం నుంచి గుడి దాకా నడవాలన్నదే మేస్త్రికి మిగిలిన కోరిక.

సత్రం దాకా వేరే బండ్లను పోనివ్వరు. పెద్దబస్సులో కూడలికి చేరి, అక్కడ రోజుకొక్కసారి బయలుదేరే కొండబస్సు ఎక్కాలి. వానలు మొదలైతే ఆ బస్సు ఆగిపోతుంది, బాట మూతపడుతుంది. వచ్చే ఏడాదికి తన మోకాళ్ళు ఏ స్థితిలో ఉంటాయో ఆయనకు తెలియదు.

ప్రయాణం ఏర్పాట్లన్నీ బావమరిది నెత్తిన వేసుకున్నాడు. భార్యకు తమ్ముడు, తన దగ్గరే పని నేర్చినవాడు, ఇప్పుడు దుకాణం నడుపుతున్నవాడు. నోటికి తాళం లేని మనిషి. సాయంత్రాలు బావను వెంటబెట్టుకొని బస్టాండుకు పోయి, ఏ బస్సుకు మెట్టు ఎత్తు తక్కువో, ఏ వైపు కిటికీకి ఎండ తగలదో చూపించేవాడు. కూడలిలో మరుగుదొడ్డి ఎక్కడో, వీపు ఆనించుకొనే బెంచీ ఎక్కడో ముందుగానే విచారించి వచ్చాడు. కొండ నడకకు అలవాటు కావాలని లోలకాలు, పాత గడియారాల గుండ్లు సంచిలో నింపి బావ భుజానికి తగిలించి, డాబా మెట్లు ఎక్కించి దింపేవాడు.

"మూలిగేది మెట్లా, నీ మోకాళ్ళా బావా?"

"రెండూ కాదురా. వెనకాల నీ నోరు."

మందుల దుకాణంలో పనిచేసే కూతురికి ఈ ప్రయాణం మొదటి నుంచీ గిట్టలేదు. తండ్రి ఒకసారి మెట్ల మీద తూలి గోడ పట్టుకోవడం ఆమె కంటపడింది. కొన్నాళ్ళు వాదించింది, కొన్నాళ్ళు అలిగింది. ఒకనాడు ఉన్నట్టుండి అభ్యంతరం మానుకొని, సంచిలో మాత్రలూ శాలువా సర్దిపెట్టింది. మేస్త్రి దానిని అంగీకారమనుకున్నారు. బావమరిది మాత్రం దుకాణంలో పనుందని ఒకసారి, జలుబు చేసిందని ఒకసారి ప్రయాణం వాయిదా వేస్తూ వచ్చాడు. చివరికి కొండబస్సు నడిచే ఆఖరి రోజు మిగిలింది.

ఆ రోజు పెద్దబస్సు కూడలికి వేళకు ముందే చేరింది. మేస్త్రి ముఖం కడుక్కోవడానికి కుళాయి దగ్గరకు పోయి, అలవాటు ప్రకారం గడియారం విప్పి బావమరిది చేతిలో పెట్టారు. దుమ్మూ చెమటా పోయేదాకా తీరికగా కడుక్కొని, తుడుచుకొని, గడియారం తిరిగి కట్టుకున్నారు. బావమరిది ఆయనను బస్టాండు వెనుక ఉన్న టీకొట్టుకు తీసుకుపోయాడు. దారిలో గోడగడియారం కనబడింది. అది ఆయన చేతిగడియారం కన్నా అరగంట ముందుంది.

"చూశావా దీని తొందర. ఎవరో తరుముతున్నట్టు పరుగెడుతోంది" అని మేస్త్రి నవ్వారు.

బావమరిది నవ్వలేదు. ఎప్పుడూ ఏదో ఒకటి అతికించే మనిషి ఆనాడు తల వంచుకొని నడిచాడు.

టీ తాగారు. బావమరిది ఇంకొకటి చెప్పాడు. మేస్త్రి చేయి చూసుకొని, ఇంకా వ్యవధి ఉందని నిదానంగా ఊదుకుంటూ తాగారు. తీరా బస్టాండులోకి వచ్చేసరికి కొండబస్సు నిలిచే చోట నూనె మరక ఒక్కటే ఉంది. బస్సు వేళకే వెళ్ళిపోయిందనీ, మళ్ళీ వానలు వెలిసిన తరువాతనేననీ విచారణ కిటికీలోని గుమాస్తా చెప్పాడు. మేస్త్రి ఒప్పుకోలేదు. మీ గడియారం తప్పన్నారు. వరుసలో నిలబడిన ఒక అమ్మాయి తన ఫోను తిప్పి చూపింది. ఫోనూ గోడగడియారం మాటే చెప్పింది.

ఆయన బెంచీ మీద కూర్చొని గడియారం విప్పి చెవికి ఆనించుకున్నారు. నడక శుభ్రంగా ఉంది. ఎక్కడా తడబాటు లేదు. పొద్దున ఇంట్లో రేడియోతో సరిపోయిన యంత్రం, ఇంత చక్కని నడకతో, మధ్యాహ్నానికి అరగంట వెనుకబడదు. ముళ్ళు తమంతట తాము వెనక్కి తిరగవు. ఉదయం నుంచి అది తన చేయి దాటి పోయింది ఒక్కసారే.

ఆయన తల ఎత్తి బావమరిదిని చూశారు. అతడు కూర్చోలేదు.

"కొండ మీద నువ్వు పడితే నిన్ను మోసుకొచ్చే బలం నాకు లేదు బావా. నీ తూలడం నేను చూశాను. అమ్మాయికేమీ తెలియదు, ఈ బుద్ధి నాదే" అన్నాడు.

"వద్దని నా ముఖం మీద చెప్పి ఉంటే నీతో పోట్లాడేవాణ్ణి. ఓడిపోతే ఇంట్లో కూర్చునేవాణ్ణి." మేస్త్రి గొంతు పెంచలేదు. "నా చేతిగడియారంతోనే నాకు అబద్ధం చెప్పించావు కదరా. అది కూడా మీ అక్క ఆగిపోయిన చోటికి పోతుంటే."

మేస్త్రి ఎవరో ఆడిస్తే ఆడే మనిషి కాదు. తాను నేర్పిన పనితోనే, తన గర్వం ఎక్కడ ఉందో ఎరిగి, బావమరిది తనను ఆడించాడు. గోడగడియారం నిజం చెబుతుంటే తాను నవ్విన నవ్వు ఆయనకు గుర్తుకొచ్చింది. ఆ నవ్వును కూడా లెక్కలోకి తీసుకునే అతడు ఈ పని చేశాడు. ఆయన ముళ్ళు ముందుకు తిప్పి, ఎన్నడూ చేయని పనిగా, అబద్ధాలకోరని పేరు పెట్టిన గోడగడియారాన్ని చూసి తన గడియారం సరిచేసుకున్నారు.

తిరుగు బస్సులో డ్రైవరు వెనుక ఉన్న ఒంటిసీటులో ఆయన కూర్చున్నారు. ఎన్నో ఏళ్ళుగా పక్కపక్కనే కూర్చునే బావమరిది, సంచి ఒళ్ళో పెట్టుకొని వెనుక వరుసకు పోయాడు. ఒక్కటే ఊరటగా ఆయనకు తోచింది: ఇంటికి పోతే కూతురు ఆశ్చర్యపోతుంది, ఏమైందని అడుగుతుంది, తన తరఫున ఒక్కరైనా కోపగించుకుంటారు.

చీకటి పడక ముందే ఇల్లు చేరారు. కూతురు తలుపు తీసింది. ఏమీ అడగలేదు. ఇంకో నాలుగు రోజుల దాకా తిరిగి రావలసిన పని లేని మనుషులను చూసి, "కాళ్ళు కడుక్కోండి నాన్నా, వడ్డిస్తాను" అన్నది. వంటింట్లో నేల మీద మూడు కంచాలు పెట్టి ఉన్నాయి. పెరటి గట్టు మీద బిందెలో నీళ్ళు పొగలు కక్కుతున్నాయి.

మేస్త్రి కంచాలు లెక్కపెట్టి, ఆ నీళ్ళ వైపు చూశారు.

"ఎవరి కోసం కాచావు తల్లీ?"

ఆమె మామయ్య వైపు చూసింది. అతడు చెప్పుల వైపు చూసుకున్నాడు. ఏం చేయాలో తోచక, రోజూ చేసినట్టే ఆమె తండ్రి ముందు చేయి చాచింది, గడియారం కోసం.

ఆయన గడియారం విప్పారు. చాచిన చేయి దాటించి, దానిని తన చొక్కా జేబులో వేసుకొని, బొత్తం పెట్టుకొని, ఒక చేత్తో ఆ జేబును అదిమి పట్టుకొని, కాళ్ళు కడుక్కోవడానికి వంగారు.